బోర్డు పోయిందన్న కంప్యూటరుకు వైఫై తిరిగి తెప్పించిన అంబాజీపేట సర్వీసు

కోనసీమలోని అంబాజీపేట సెంటరుకు దగ్గర్లో ఒకే గదిలో, ఒకే మనిషి నడుపుతున్న కంప్యూటరు రిపేరు దుకాణం ఒకటి ఉంది. గత నెలలో మా ఇంటి కంప్యూటరుకు వైఫై హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఆ దుకాణదారు మా ఇంటికి వచ్చి చేసిన పనిని గురించి రాస్తున్నాను. దుకాణం పేరు, ఫోన్ నెంబరు ఆయన్ని అడగకుండా రాయడం పద్ధతి కాదు కనుక రాయలేదు. ఇంటికి వచ్చి కంప్యూటర్లు బాగుచేసే అతను ఎవరని సెంటర్లో అడిగితే ఎవరైనా చూపిస్తారు. పనితనానికి నేను ఐదుకు ఐదు ఇస్తాను. చెప్పిన రోజుకు రాకపోవడం, అడిగేదాకా బిల్లు ఇవ్వకపోవడం, సీపీయూ విప్పినప్పుడు చూడవలసిన ఒక చిన్న వస్తువును చూడకుండా వదిలేయడం, ఈ మూడు కారణాల వల్ల మొత్తం మీద నాలుగు ఇస్తున్నాను.

మావారిది కొబ్బరి పీచు వ్యాపారం. షెడ్డు ఇంటి పెరట్లోనే ఉంది, లెక్కలన్నీ నేనే చూస్తాను. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 ప్రతి నెలా 11వ తేదీలోగా, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బి 20వ తేదీలోగా మేము దాఖలు చేయాలి. తేదీ దాటితే ఆలస్య రుసుము పడుతుంది. అందుకని ఇంటి కంప్యూటరుకు నెట్ లేకపోవడం మాకు వినోదం ఆగిపోవడం వంటిది కాదు. 18వ తేదీ ఉదయం కంప్యూటరు ఆన్ చేసి చూస్తే, తెర మీద కుడి వైపు అడుగున ఎప్పుడూ కనిపించే వైఫై గుర్తు లేదు. దాని స్థానంలో భూగోళం బొమ్మ, పక్కన గీత కొట్టిన సున్నా ఉన్నాయి. సెట్టింగులు తెరిచి చూస్తే అందులో వైఫై అన్న వరుసే లేదు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటి వరకు అదే కంప్యూటరు మీద ఇన్‌వాయిస్‌లు చేసి, ఏ ఇబ్బందీ లేకుండా ఆపాను.

నాకు తెలిసినవన్నీ చేశాను. రౌటరు ఆపి రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేశాను. నెట్ కనెక్షన్ ఇచ్చిన వారికి ఫోన్ చేస్తే లైనులో లోపం లేదన్నారు, ఆ మాట నిజమే. ఫైబర్ డబ్బా మీద పాన్ అని రాసి ఉన్న దీపం నిలకడగా ఆకుపచ్చగా వెలుగుతోంది, ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం వెలగడం లేదు. ఆ ఎర్ర దీపం వెలిగితే ఫైబరు తీగలోంచి కాంతి రావడం లేదని అర్థం. అప్పుడు ఇంటి వైఫై మీద ఎవరి ఫోన్లోనూ నెట్ రాదు, కంప్యూటరును తిట్టుకొని లాభం ఉండదు. మా ఇంట్లో ఫోన్లన్నింటికీ వైఫై మీద నెట్ చక్కగా వస్తోంది.

ఆ మధ్యాహ్నం తెలిసినవారి ద్వారా వేరొక మెకానిక్‌ను పిలిపించాం. ఆయన వచ్చి, కుర్చీలో కూర్చొని, రెండుసార్లు కంప్యూటరు ఆపి వేసి, మదర్‌బోర్డు పోయిందని, 6,500 రూపాయలు అవుతుందని, సీపీయూ తనతో తీసుకుపోవాలని చెప్పారు. మూత కూడా విప్పలేదు. అయిదేళ్ల లెక్కలు, కొనుగోలుదారుల వివరాలు, బ్యాంకు కాగితాలు ఉన్న సీపీయూను రసీదు కూడా లేకుండా ఎవరికో అప్పగించడం నాకు మనస్కరించలేదు. మూత తీయకుండానే బోర్డు పోయిందని చెప్పే మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఆ కోపం పోలేదు. కంప్యూటరు గురించి అంతగా తెలియని ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఇటువంటి మాట నమ్మి ఎన్ని ఇళ్లలో మంచి బోర్డులు మార్పించుకొని ఉంటారో అనిపించింది.

సాయంత్రం మా షెడ్డులో పనిచేసే అబ్బాయి అంబాజీపేట దుకాణం సంగతి చెబితే ఫోన్ చేశాను. ఆయన వెంటనే వస్తాననలేదు, ఎంత అవుతుందో కూడా చెప్పలేదు. "అమ్మగారూ, మీ ఫోన్లో నెట్ వస్తందాండీ? కంప్యూటర్లో చుట్టుపక్కలోళ్ల వైఫై పేర్లేమన్నా కనబడతన్నాయాండీ, లేపోతే అసలు గుర్తే లేదాండీ?" అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలతోనే సమస్యను సగానికి సగం తగ్గించారని నాకు తర్వాత అర్థమైంది. ఈ మాట కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వైఫై పోయిందని మనమందరం ఒకే మాట వాడతాం గాని, దాని వెనుక వేరువేరు జబ్బులు ఉంటాయి.

పేర్లు కనబడుతున్నా కంప్యూటరు కలవకపోతే, అది ఎక్కువగా పాస్‌వర్డు తగాదా. రౌటరులో పాస్‌వర్డు మారి ఉండవచ్చు. కంప్యూటరు పాత పాస్‌వర్డునే గుర్తుపెట్టుకొని దానితోనే తలుపు తడుతూ ఉంటుంది. ఆ నెట్‌వర్క్‌ను మరచిపొమ్మని చెప్పి మళ్లీ కలిపితే చాలాసార్లు సరిపోతుంది. కలిసింది గాని ఇంటర్నెట్ లేదని చూపిస్తే, రౌటరు నుంచి కంప్యూటరుకు అంకెల చిరునామా (ఐపీ అడ్రసు) అందిందో లేదో చూడాలి. 192.168 తో మొదలయ్యే చిరునామా ఉంటే రౌటరు ఇచ్చిందన్నమాట. అలా కాక 169.254 తో మొదలైతే, ఎంత అడిగినా రౌటరు నుంచి జవాబు రాక కంప్యూటరు తనకు తానే ఒక అంకె పెట్టుకుందని అర్థం. ఇక మా ఇంట్లో లాగా గుర్తే లేకుండా పోతే, పాస్‌వర్డుకూ రౌటరుకూ దానితో సంబంధం లేదు. వైఫై అందుకునే కార్డు ఒకటి లోపల ఉన్నట్టే కంప్యూటరుకు తెలియడం లేదు. అది ఆ కార్డును నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు చెడిపోవడం వల్ల కావచ్చు, కార్డే సరిగా ఆనకపోవడం వల్ల కావచ్చు, కార్డు కాలిపోవడం వల్ల కూడా కావచ్చు. నేను ఉదయం నుంచి రౌటరును ఆపి వేయడం ఎందుకు వృథా అయిందో ఈ మాట విన్నాక తెలిసింది.

ఆ తర్వాత ఆయన ఫోన్లోనే ఒక పని చేయించారు. కంప్యూటరు షట్ డౌన్ చేసి, వెనుక నుంచి కరెంటు తీగ పూర్తిగా పీకేసి, ఆన్ బటన్ ముప్ఫై లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకొని, అప్పుడు తీగ పెట్టి వేయమన్నారు. ఇప్పటి విండోస్‌లో షట్ డౌన్ కొట్టినా కంప్యూటరు పూర్తిగా ఆగిపోయిన స్థితికి పోదట. మళ్లీ త్వరగా లేవడానికి కొంత భాగాన్ని డిస్కులో దాచుకొని పడుకుంటుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. పైగా తీగ గుచ్చి ఉన్నంత సేపూ బోర్డు మీద కొంత కరెంటు నిలిచి ఉండి, మొండికేసిన కార్డు అదే స్థితిలో ఉండిపోవచ్చు. తీగ పీకి బటన్ నొక్కితే అదంతా దిగిపోతుంది. చెప్పినట్టే చేశాను. గుర్తు వచ్చింది! నలభై నిమిషాలు పనిచేసి మళ్లీ మాయమైంది. ఆ సంగతి చెబితే, "అలా వచ్చి పోయిందంటే డ్రైవరు కంటే కార్డు మీదే నాకు అనుమానమండీ, విప్పి చూడాలి" అన్నారు.

20వ తేదీ ఉదయం వస్తానని, ఈలోగా రిటర్ను పని ఆగకుండా ఒక ఉపాయం చెప్పారు. చార్జింగు తీగతో ఫోనును కంప్యూటరుకు గుచ్చి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఫోనుకు వస్తున్న నెట్ తీగ ద్వారా కంప్యూటరుకు అందుతుంది. ఫోను ఇంటి వైఫైలో ఉంటే ఆ వైఫై నెట్టే వెళుతుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఈ ఒక్క ఉపాయంతో 19వ తేదీ సాయంత్రానికి జీఎస్టీఆర్-3బి పూర్తి చేశాను. ఒక్క రూపాయి తీసుకోకముందే, ఇంకా మా గుమ్మం తొక్కకముందే చేసిన సహాయం ఇది. 20న ఆయన రాలేదు. ఫోన్ కూడా చేయలేదు. 21న మధ్యాహ్నం వచ్చారు. నా రిటర్ను పని అయిపోయి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఈ సమీక్ష వేరే విధంగా రాసి ఉండేదాన్ని.

వచ్చాక ఆయన పని చేసిన వరుస నాకు బాగా నచ్చింది. ముందుగా తన సంచిలోంచి బొటనవేలి గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ తీసి మా కంప్యూటరుకు గుచ్చారు. అర నిమిషంలో చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ తెర మీదకు వచ్చాయి, మా ఇంటి నెట్ కలిసింది. రౌటరు బాగుంది, విండోస్ బాగుంది, బోర్డు మీది యూఎస్‌బీ బాగుంది అని ఆ ఒక్క పరీక్షతో తేలిపోయింది. అక్కడే ఆగి, ఈ డాంగిల్ కొనుక్కోండి, ఆరేడు వందలు అవుతుందని చెప్పి వెళ్లిపోయినా నేను సంతోషంగా ఇచ్చేదాన్ని. ఆయన అలా చేయకుండా డాంగిల్ తీసేసి, కంప్యూటరులోని భాగాల జాబితా ఉండే డివైస్ మేనేజరు తెరిచి చూపించారు. డ్రైవరు చెడిపోతే అక్కడ కార్డు పేరు పక్కన పసుపు రంగు త్రికోణం ఉంటుందట. మా దాంట్లో త్రికోణం మాట అటుంచి, కార్డు పేరే లేదు. లేనిదానికి డ్రైవరు ఎన్నిసార్లు ఎక్కించినా ప్రయోజనం ఉండదని చెప్పి, స్క్రూడ్రైవరు తీశారు.

పక్క మూత తీసేసరికి నేను సిగ్గుపడ్డాను. లోపల అడుగు భాగమంతా గోధుమ రంగు మెత్తని పొడి దట్టంగా పేరుకొని ఉంది. షెడ్డులోంచి కిటికీ గుండా వచ్చిన కొబ్బరి పొట్టు అది. పొట్టుకు నీటిని పట్టి ఉంచే గుణం ఎంత ఉందో మొక్కలు పెంచేవారికి తెలుసు, అందుకే కదా కుండీల్లో వేస్తారు. ఇటు గౌతమి, అటు వైనతేయ, మధ్యన కాలువలు, కాస్త దూరంలో సముద్రం ఉన్న మా కోనసీమలో వానాకాలం గాలిలో తేమకు కొదువ లేదు. ఆ తేమను పొట్టు పీల్చుకొని, సీపీయూ నేల మీదే ఉండడం వల్ల చెమ్మ కూడా తోడై, కార్డు గుచ్చిన అర దగ్గరే తిష్ట వేసింది. ఆయన కార్డును మెల్లగా పైకి లాగి కిటికీ వెలుతురులో పట్టుకొని చూపించారు. అడుగు అంచున వరుసగా ఉండే బంగారు రంగు పళ్లలో సగానికి పైగా మెరుపు పోయి నల్లబడ్డాయి. చివరి నాలుగైదింటి మీద, పాత రాగి చెంబు మూతి దగ్గర పట్టే చిలుం లాంటి ఆకుపచ్చని పొర ఉంది. పక్కనే రేకును బిగించిన స్క్రూ తుప్పు పట్టింది. బోర్డు పోయిందన్న మాటకు అసలు రూపం ఆ చిటికెడు చిలుం.

కార్డు వేడెక్కినప్పుడు లోహం అతి స్వల్పంగా సాగి, చల్లబడినప్పుడు ముడుచుకుంటుంది, ఆ కదలికలో చిలుం పట్టిన పళ్లు ఒకసారి ఆనుతాయి, ఒకసారి ఆనవు, అందుకే నలభై నిమిషాలు వచ్చి పోయిందని ఆయన చెప్పారు. మెత్తని తెల్ల రబ్బరుతో పళ్లను ఒకే దిశలో నెమ్మదిగా రుద్ది, దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రెండుసార్లు తుడిచారు. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న పలుచని బంగారు పూత లేచిపోయి నెల తిరక్కుండా మళ్లీ చిలుం పడుతుందని, ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దని నాకు గట్టిగా చెప్పారు. బ్లోయరుతో పొట్టంతా ఊదేసి, పాత అరలో చిలుం అవశేషాలు ఉండవచ్చని కార్డును పక్క అరలో గుచ్చారు. కంప్యూటరు వేయగానే గుర్తు వచ్చింది. ఆయన వెంటనే సంచి సర్దుకోలేదు. మా అత్తయ్యగారు ఇచ్చిన కాఫీ తాగుతూ గంటసేపు కూర్చొని, పెద్ద ఫైలు ఒకటి దిగుమతికి పెట్టి, మధ్యలో రెండుసార్లు కంప్యూటరు ఆపి వేసి చూశారు.

వైఫై నిలిచింది గాని గుర్తులో రెండు గీతలే ఉన్నాయి. దానికి కూడా ఆయన కొత్త వస్తువు అమ్మలేదు. కార్డుకు వెనుక ఉన్న రెండు యాంటెనాలు గోడకు ఆనుకొని ఉన్నాయి, వాటికీ హాల్లోని రౌటరుకూ మధ్యన ఇనుప బీరువా ఉంది. సీపీయూను నేల మీంచి తీసి బల్ల మీద, బీరువాకు అవతలి వైపు పెట్టించి, ఒక యాంటెనాను నిలువుగా, రెండోదాన్ని పక్కకు వంచారు. లెక్కల బ్యాకప్ కోసం వాడే డిస్కు యాంటెనా పక్కనే గుచ్చి ఉంటే, దాన్ని ముందు వైపుకు మార్చారు. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డుతగిలే అలలు వెలువడతాయన్నారు. నాకు నమ్మబుద్ధి కాక హైదరాబాదులో ఉన్న మా అబ్బాయిని అడిగితే, నిజమేనని, ఈ విషయం మీద ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రం ప్రచురించిందని చెప్పాడు. మా రౌటరు రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ గాని గోడలు దాటడంలో బలహీనం. 2.4 వేగం తక్కువైనా గోడల అవతలికి బాగా వెళుతుంది. మధ్యలో రెండు గోడలు ఉన్నాయి కనుక కంప్యూటరును 2.4 మీదే ఉంచారు. అన్నీ అయ్యేసరికి నాలుగు గీతలూ నిండాయి.

మొత్తం 500 రూపాయలు తీసుకున్నారు. బిల్లు అడిగితే మొదట చీటీ మీద అంకె వేసి ఇచ్చారు. లెక్కల్లో రాసుకోవాలని గట్టిగా అడిగాక, మర్నాడు దుకాణం ముద్రతో బిల్లు ఫొటో తీసి పంపారు. ఇటువంటి పని చేసేవారు బిల్లు విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఉండకూడదు. పని మీద ఎన్నాళ్ల హామీ ఉందో కూడా ఆ కాగితం మీద ఉండాలి, అది నోటిమాటగానే మిగిలింది.

చూడకుండా వదిలేసిన వస్తువు సంగతి కూడా చెప్పాలి. 22వ తేదీ రాత్రి గాలివానకు మా ఊళ్లో కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. పొద్దున్న కంప్యూటరు వేస్తే వైఫై నాలుగు గీతలతో కలిసే ఉంది గాని, బ్యాంకు సైటు, జీఎస్టీ సైటు ఏది తెరిచినా ఈ కనెక్షన్ సురక్షితం కాదంటూ హెచ్చరిక వచ్చింది. మళ్లీ మొదటికొచ్చిందని భయపడి ఫోన్ చేస్తే, ఆయన ఒక్క మాట అడిగారు. "తెర మీద తేదీ ఎంత ఉందండీ?" చూస్తే కొన్నేళ్ల కిందటి జనవరి 1 చూపిస్తోంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, దాని పేరు సీఆర్2032, మూడు వోల్టులది. అది నీరసిస్తే, కరెంటు చాలాసేపు పోయినప్పుడు తేదీ వెనక్కి పోవచ్చు. ప్రతి సురక్షిత సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటరు దృష్టిలో ఇంకా పాత సంవత్సరమే నడుస్తుంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని లెక్క వేసి తలుపు మూసేస్తుంది. చూసేవారికి మాత్రం నెట్ పోయినట్టే ఉంటుంది. తేదీ చేత్తో సరిచేయగానే సైట్లన్నీ తెరుచుకున్నాయి.

రెండు రోజుల ముందే సీపీయూ మూత తీశారు, తీగ పీకారు, అప్పుడే ఆ బ్యాటరీని పరీక్షించి ఉండవలసింది. ఆ మాట నేను అడిగితే సాకులు చెప్పకుండా, "నా పొరపాటేనండీ, చూసుకోవాల్సింది" అన్నారు. ఆ సాయంత్రమే వచ్చి కొత్త బ్యాటరీ వేశారు. రాకపోకల ఖర్చు తీసుకోలేదు, బ్యాటరీకి 60 రూపాయలు మాత్రం తీసుకున్నారు. ఆ రోజు మాత్రం చెప్పిన వేళకు వచ్చారు.

ఆ దుకాణానికి ఫోన్ చేయాలనుకునేవారికి నా అనుభవంతో చెప్పేది ఇంతే. చేసే ముందు ఫోన్లలో వైఫై మీద నెట్ వస్తోందా, కంప్యూటర్లో వైఫై గుర్తు ఉందా, పేర్లు కనబడుతున్నాయా, తేదీ సరిగా ఉందా చూసి పెట్టుకోండి. ఆయన అడిగేవి అవే, సగం కేసులు ఫోన్లోనే తేలిపోతాయి. సాయంత్రం ఏడు దాటితే ఫోన్ ఎత్తరు. అత్యవసరమైన పని ఉంటే ఆయన చెప్పిన రోజుకు ఇంకొక రోజు కలిపి లెక్క వేసుకోండి. ఏ సామాను విప్పినా మన కళ్ల ముందే విప్పుతారు, చెడిపోయింది ఎక్కడో చేతిలో పెట్టి చూపిస్తారు, సీపీయూ ఇల్లు దాటించరు. నాకు అన్నిటికంటే విలువైనవి ఇవి.

ఇప్పటికి ముప్ఫై రోజులు దాటింది, వైఫై ఒక్కసారి కూడా పోలేదు. షెడ్డు వైపు కిటికీకి దోమతెర వేయించాం, పీచు ఆడించే వేళ ఆ కిటికీ మూసి ఉంచుతున్నాం. సీపీయూ బల్ల దిగలేదు. దసరా వెళ్లాక, వానలు తగ్గాక, లోపల మరొకసారి శుభ్రం చేయడానికి రమ్మని ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచాను. బిల్లు పుస్తకం వెంట తెచ్చుకోమని కూడా చెప్పాను.